క్లాట్‌కు తెలుగు రాదా?

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్టియం అధ్యక్షులకూ కార్యవర్గ సభ్యులకూ,



డాక్టరు కావాలనుకున్న పాడేరు పిల్ల నీట్‌ను తెలుగులో రాయొచ్చు. ఇంజినీరు కావాలనుకున్న అచ్చంపేట కుర్రాడు జేఈఈ మెయిన్‌ను తెలుగులో రాయొచ్చు. ఆ రెండు పరీక్షలూ 13 భాషల్లో జరుగుతున్నాయి. అదే పిల్ల లాయరు కావాలనుకుంటే, అదీ హైదరాబాద్ నల్సార్‌లోనో బెంగళూరు నేషనల్ లా స్కూల్లోనో చదవాలనుకుంటే, మీరు పెట్టే ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. క్లాట్ ఇంగ్లీషులో తప్ప ఇంకే భాషలోనూ లేదు.

ఈ ఫిర్యాదు మీకు కొత్త కాదు. 2023లో ఒక న్యాయ విద్యార్థి దీని మీదే ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. ప్రాంతీయ భాషల్లో పరీక్ష పెట్టడానికి మద్దతిస్తామని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. ఆచరణలో ఇబ్బందులున్నాయని, నిపుణుల సంఘం పరిశీలిస్తోందని మీరు చెప్పారు. కోర్టు కాగితాల్లో ఉన్న ఆ వాదనలను మళ్లీ అప్పజెప్పడం ఈ లేఖ పని కాదు. మీ సంస్థ పుట్టుక వెనుక ఒక లా ప్రొఫెసర్ పట్టుదల ఉంది. ఆయన ఏం చేశాడో మీకు గుర్తుచేసి, ఆ పని ఎక్కడ ఆగిందో చూపించాలన్నదే దీని ఉద్దేశం.

ఆయన పేరు షమ్నాద్ బషీర్. కొల్లం జిల్లా కులత్తుపుళలో 1976లో పుట్టాడు. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో చదివి, ఢిల్లీలో పేటెంట్లు, కాపీరైట్లు చూసే పెద్ద న్యాయ సంస్థలో పనిచేసి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో కొంతకాలం పాఠాలు చెప్పాడు. మేధోసంపత్తి చట్టంలో పట్టున్న ఆ వయసువాడికి కార్పొరేట్ కంపెనీలు ఎంతిచ్చేవో మీకు తెలియంది కాదు. ఆయన 2008లో కోల్‌కతా సాల్ట్ లేక్ వచ్చి, పశ్చిమ బెంగాల్ జాతీయ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరాడు.

సాల్ట్ లేక్ ఒక విచిత్రమైన ఊరు. హుగ్లీ నది పూడికను గొట్టాల్లో తెచ్చి, ఉప్పునీటి చిత్తడిని పూడ్చి, 1960లలో లేపిన పట్నం. అధికారిక పేరు బిధాన్‌నగర్, ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పేరు మీద. చిరునామా అడిగితే వీధి పేరు కన్నా ముందు బ్లాకు అక్షరాలు చెబుతారు. మూడో సెక్టార్‌లో ఎల్‌బీ బ్లాకు, పెద్ద ఫుట్‌బాల్ స్టేడియానికి అవతల, ఈ విశ్వవిద్యాలయం ఉంది. 1999 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడిన దీనికి తొలి ఉపకులపతి ఎన్.ఆర్. మాధవ మేనన్. బెంగళూరు లా స్కూలును నిలబెట్టింది కూడా ఆయనే. భవనం పేరు అంబేడ్కర్ భవన్. అంబేడ్కర్ కూడా లా మాస్టారేనని, 1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యాడని మనం తరచూ మరిచిపోతాం. రాజ్యాంగ నిర్మాత అన్న పెద్ద బిరుదు కింద ఆ ఉద్యోగం కనపడకుండా పోయింది.

బషీర్ కూడా హక్కుల మనిషే. కానీ తెలుగువాళ్లకు పౌరహక్కులు అనగానే గుర్తొచ్చే ముఖాలు వేరు. ఎన్‌కౌంటర్ కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగిన కన్నబిరాన్, వరంగల్‌లో లెక్కల పాఠాలు వదిలి ఊళ్లు పట్టి, ఆ తర్వాత నల్లకోటు తొడుక్కున్న బాలగోపాల్. వాళ్ల హక్కుల ప్రపంచంలో పోలీస్ స్టేషనుంది, అడవి ఉంది, జైలుంది. పేటెంటు చట్టం చెప్పే మాస్టారికి అక్కడేం పని?

పని ఉందని చూపించడమే బషీర్ జీవితమంతా చేసింది. గ్లివెక్ కేసు చూడండి. రక్త క్యాన్సర్ మందు. నోవార్టిస్ కంపెనీ మందైతే నెలకు సుమారు 1,20,000 రూపాయలు, జనరిక్ అయితే సుమారు 8,000. హైదరాబాద్ నాట్కో చేసే వీనాట్ ఆ జనరిక్కుల్లో ఒకటి, ఆ కేసులో నాట్కో ఒక ప్రతివాది కూడా. పాత మందుకు కొంచెం కొత్త రూపమిచ్చి మళ్లీ పేటెంటు అడిగితే, రోగికి గుణం పెరిగిందని చూపించాలా అక్కర్లేదా? పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి) మీద ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది. కంపెనీ తరఫునా కాదు, ఎదుటిపక్షం తరఫునా కాదు, చట్టాన్ని చదివి చెప్పే అధ్యాపకుడిగా బషీర్ ఆ కేసులో జోక్యం చేసుకున్నాడు. 2013 ఏప్రిల్ 1న తీర్పు నోవార్టిస్‌కు వ్యతిరేకంగా వచ్చింది. కక్షిదారు కాని ప్రొఫెసర్ తన చదువును పట్టుకుని కోర్టు మెట్లెక్కడం మన దగ్గర అరుదు.

అరుదే గాని, మొదటిసారి కాదు. 1979 సెప్టెంబరులో నలుగురు న్యాయ అధ్యాపకులు (ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్) భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన మథుర అనే ఆదివాసీ బాలిక కేసులో నిందితులను సుప్రీంకోర్టు వదిలేసినందుకు. పోలీసుల చేతిలో ఇలాంటి అత్యాచారమే జరిగిన రమీజాబీ కేసుతో అంతకు ఏడాది ముందే హైదరాబాద్ అట్టుడికింది. ఆ లేఖ చదివిన మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి, 1983లో అత్యాచార చట్టం మారింది. బహిరంగ లేఖ అంటే పత్రికలో స్థలం నింపే సరుకు అనుకునేవాళ్లకు ఈ ఉదాహరణ చాలు.

గ్లివెక్ ఒక్కటే అయితే బషీర్ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. పేటెంటు తీసుకున్న కంపెనీ ఆ మందును మన దేశంలో నిజంగా తయారుచేస్తోందా, ఎంత అమ్ముతోంది, ఎంతకు అమ్ముతోంది అని అప్పట్లో ప్రభుత్వానికి లెక్క చెప్పాల్సి ఉండేది. ఆ లెక్క రాసే కాగితం పేరు ఫారం 27. ఎవరూ చూడని ఇలాంటి ఫారాల్లోనే హక్కులు దాక్కుని ఉంటాయి. 2012 మార్చిలో బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను తయారుచేయడానికి నాట్కోకు దేశంలోనే తొలి తప్పనిసరి లైసెన్సు వచ్చినప్పుడు, బేయర్ తానే నింపిన ఫారాలు సాక్ష్యంగా పనికొచ్చాయి. నెలకు 2,80,000 రూపాయల పైనున్న మందు 8,880కి దిగింది. బషీర్ తన బృందంతో సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి ఈ ఫారాలు తెప్పించి చూస్తే, చాలా కంపెనీలు అసలు దాఖలే చేయలేదు, చేసినవి కూడా సగం ఖాళీలు. 2015లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశాడు. 2018లో కోర్టు ప్రభుత్వానికి గడువులు పెట్టింది. 2020లో ఫారం మారింది. అయితే కొన్ని విషయాల్లో ముందుకన్నా తక్కువ వివరాలు అడిగేలా మారింది. బతికుంటే బషీర్ దాని మీద ఇంకో వ్యాజ్యం వేసేవాడేమో.

ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు మీకు తెలిసిందే. పెద్ద ప్రచురణ సంస్థలు మూడు కలిసి 2012లో ఒక చిన్న ఫొటోకాపీ దుకాణం మీద దావా వేశాయి, పాఠ్యపుస్తకాల్లోంచి పేజీలు కాపీ తీసి విద్యార్థులకిస్తున్నారని. కొందరు అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి కేసులో చేరారు. ఆ సంఘం వెనుక ఉన్నవాళ్లలో బషీర్ ఒకడు. 2016 సెప్టెంబరులో విద్యార్థుల వైపే తీర్పు వచ్చింది. ఆధార్ వివరాలు బయటికి పొక్కినందుకు పౌరులకు పరిహారం ఇవ్వాలని బషీర్ 2018లో మరో వ్యాజ్యం వేశాడు.

ఇవన్నీ చూశాక ఆయన అసలు విషయం పేటెంటు కాదని తేలిపోతుంది. మందు ఎవరికి అందుతుంది, పుస్తకం ఎవరికి అందుతుంది, సీటు ఎవరికి అందుతుంది? ఈ మూడో ప్రశ్నే మీ గుమ్మం దాకా వచ్చింది.

సాల్ట్ లేక్‌లో పాఠం చెబుతుంటే ఎదురుగా కూర్చున్న పిల్లలు ఎవరో ఆయన చూశాడు. చాలామంది నగరాల ఇంగ్లీషు మీడియం బడుల నుంచి, కోచింగ్ ఫీజు కట్టగలిగిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. 2010లో కొందరు విద్యార్థులతో కలిసి ఐడియా అనే సంస్థ మొదలుపెట్టాడు. న్యాయ విద్యలో అందరికీ చోటు దొరకాలన్నదే దాని పని. తొలి ప్రయత్నాల్లో ఒకటి సిక్కింలోని పెల్లింగ్ ప్రభుత్వ పాఠశాలలో జరిగింది. న్యాయ విద్యార్థులే ఊళ్లకు వెళ్లి, ప్రభుత్వ బడుల్లో, హాస్టళ్లలో, అంధ విద్యార్థుల మధ్య కూర్చుని, లాయరు చదువంటే ఏమిటో చెప్పి, చురుకైనవాళ్లను ఎంచుకుని, ఉచితంగా క్లాట్‌కు తయారుచేసేవాళ్లు. తర్వాత అది ట్రస్టుగా మారి రాష్ట్రాలకు పాకింది. హైదరాబాద్‌లో నల్సార్ విద్యార్థులు ఆ పని అందుకున్నారు.

ఆ తొలినాళ్ల విజయాల్లో ఒకటి, రాతి క్వారీలో పనిచేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక తమిళ అమ్మాయికి ఇదే సాల్ట్ లేక్ విశ్వవిద్యాలయంలో సీటు రావడం. ఆ కథ పత్రికల్లో వచ్చింది, తెర మీదికీ వెళ్లింది. గర్వించాల్సిన కథే. కానీ ఒక వివరం మీద ఎవరూ ఆగలేదు. ఆ అమ్మాయి చదివింది శాంతిభవన్‌లో. పేద పిల్లలను చిన్ననాడే చేర్చుకుని, ఉచితంగా, పూర్తిగా ఇంగ్లీషులో చదివించే ఆశ్రమ పాఠశాల అది. అంటే క్లాట్ చేతికి రాకముందే ఇంగ్లీషు గోడను ఇంకెవరో ఆమెకు దాటించారు. ఆ భాగ్యం లేని క్వారీ పిల్లలు ఎంతమంది? మంచి మనసుతో ఊళ్లు తిరిగే వలంటీర్లు ఒక పిల్లకు రెండేళ్లలో ఎంత ఇంగ్లీషు నేర్పగలరు? ఐడియా మీద గౌరవంతోనే ఈ మాట చెప్పాలి: ఒక స్వచ్ఛంద సంస్థ మోయగలిగిన బరువు కాదిది. ప్రశ్నపత్రం ఎవరి చేతిలో ఉందో వాళ్లే మోయాలి.

ఆ ప్రశ్నపత్రం సంగతికే వద్దాం. క్లాట్ 2008లో మొదలైంది. ఏటా ఒక విశ్వవిద్యాలయం వంతు. ఏటా కొత్త చేతులు, కొత్త తప్పులు. 2014లో ఫలితాలు ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. 2015లో తొలిసారి ఆన్‌లైన్‌లో పెడితే తప్పుడు ప్రశ్నల మీద గోల. ఆ ఏడాదే బషీర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఈ వంతుల పద్ధతి మానాలి, శాశ్వత సంస్థ ఉండాలి, ఫీజులు, ప్రశ్నల తీరు పేద పిల్లలను బయటే ఉంచుతున్నాయి అన్నది ఆయన వాదన. 2017 ఆగస్టులో మీ కన్సార్టియం ఏర్పడింది, 2019 మార్చిలో బెంగళూరులో రిజిస్టరయింది. ఆయన వ్యాజ్యమొక్కటే మిమ్మల్ని పుట్టించిందంటే అతిశయోక్తి. 2018 పరీక్షలో కంప్యూటర్లు మొరాయించి, వేలమందికి మార్కులు సరిదిద్దాల్సి రావడం కూడా మిమ్మల్ని తొందరపెట్టింది. కానీ అడగాల్సిన ప్రశ్న ముందుగా అడిగింది ఆయనే. మీ సంస్థ రిజిస్టరయిన 2019లోనే, ఆగస్టులో, చిక్కమగళూరు దగ్గర బాబాబుడన్‌గిరి కొండల్లో ఆయన చనిపోయాడు. వయసు 43.

శాశ్వత సంస్థ వచ్చింది. మరి తలుపు వెడల్పయిందా? ఫీజు ఇప్పుడు జనరల్ విద్యార్థికి 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాల పిల్లలకు 3,500. ఆ 500 తగ్గింపును రాయితీ అని పిలవడానికి కొంత ధైర్యం కావాలి. 2020 నుంచి ప్రశ్నల తీరు మారింది. బట్టీ పట్టే జనరల్ నాలెడ్జ్ తగ్గించి, సుమారు 450 పదాల పాఠ్యభాగాలు ఇచ్చి, వాటి మీద ప్రశ్నలడుగుతున్నారు. ఉద్దేశం మంచిదే, ఆలోచించే పిల్లలు కావాలనే. కానీ ఆ మార్పుతో వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, చివరికి లెక్కలు కూడా ఇంగ్లీషు చదివే వేగానికి పరీక్షలైపోయాయి. రెండు గంటలు, 120 ప్రశ్నలు. ఇంట్లో ఇంగ్లీషు పత్రిక వచ్చే పిల్లవాడు పాఠ్యభాగం చదివి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, గురుకులంలో చదివిన పిల్ల మూడో పేరాలో ఉంటుంది. ఆమె తర్కంలో లోపం లేదు.

మీ వైపు వాదనలు బలహీనమైనవని ఈ లేఖ అనదు. న్యాయశాస్త్రం చెప్పేది ఇంగ్లీషులో, రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు, కాబట్టి ప్రవేశం దగ్గరే ఇంగ్లీషు చూడాలంటారు. అయితే మన దగ్గర ఎంబీబీఎస్ పాఠాలు కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆంధ్రా మెడికల్ కాలేజీలో గానీ, గాంధీ మెడికల్ కాలేజీలో గానీ అనాటమీ తెలుగులో చెప్పరు. అయినా నీట్ తెలుగులో ఉంది. అనువాదంలో అర్థం మారితే ఎలా అంటారు. నిజంగా కష్టమే. న్యాయ తర్కంలో ఒక్క మాట జారితే జవాబు మారిపోతుంది. నీట్‌లో ఆ చిక్కుకు సమాధానం ఉంది: రెండు భాషల పాఠాలకూ పొంతన కుదరకపోతే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. ఆ నియమం మీరూ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఊరి బడులన్నీ ఇంగ్లీషు మీడియమే కదా అనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన తెలుగు రాష్ట్రాల నుంచే రావచ్చు కాబట్టి కొంచెం ఆగాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆ దారి పట్టింది, హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది, గొడవ సాగింది. తెలంగాణ 2022–23 నుంచి సర్కారు బడుల్లో మొదలుపెట్టింది. బోర్డు మీద మీడియం మారినంత త్వరగా ఇంట్లో భాష మారదు. ఆ పిల్లలు ఇంటర్‌కు వచ్చేసరికి ఎంత ఇంగ్లీషు వస్తుందో కొన్నేళ్లలో తెలుస్తుంది. అప్పటిదాకా ఇంటర్ పూర్తిచేసే పిల్లలను ఏం చేద్దాం?

మీరు దూరం వెళ్లి వెతకనక్కర్లేని ఉదాహరణ ఇంకొకటుంది. ఆంధ్రలో, తెలంగాణలో లా కాలేజీలకు లాసెట్ జరుగుతుంది. దాంట్లోనూ 120 ప్రశ్నలే. వర్తమాన వ్యవహారాలున్నాయి, న్యాయశాస్త్రం చదవగల నేర్పును చూసే ప్రశ్నలున్నాయి. ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులో ఉంటాయి, తెలంగాణలో ఉర్దూలోనూ ఇస్తారు. ఉస్మానియా, కాకతీయ, శ్రీకృష్ణదేవరాయ లాంటి విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా చేస్తున్న పనిని, దేశంలో పేరుమోసిన న్యాయ విశ్వవిద్యాలయాలన్నీ కలిసి చేయలేమంటే నమ్మడం కష్టం.

అసలు ఈ పిల్లలు రేపు పనిచేసే కోర్టుల్లో ఏ భాష వినిపిస్తుంది? తెనాలిలోనో జనగామలోనో సాక్షి తెలుగులోనే చెబుతాడు, క్రాస్ ఎగ్జామినేషన్ తెలుగులోనే నడుస్తుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు రాసింది. సుప్రీంకోర్టు తన తీర్పులను తెలుగుతో సహా పలు భాషల్లోకి తర్జుమా చేయిస్తోంది. పైకోర్టు కిందికి దిగి వస్తుంటే, ప్రవేశ పరీక్ష మాత్రం మెట్టు దిగనంటోంది.

2020లో బెంగళూరు లా స్కూలు క్లాట్‌ను వదిలి ఎన్‌ల్యాట్ అని సొంత పరీక్ష పెట్టుకున్నప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో కంప్యూటరు, మంచి ఇంటర్నెట్ ఉన్నవాళ్లే రాయగల పరీక్ష. సుప్రీంకోర్టు సెప్టెంబరు 21న దాన్ని కొట్టేసింది. ముగ్గురు న్యాయమూర్తుల ఆ ధర్మాసనంలో మన మెదక్ జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ సుభాష్ రెడ్డి ఒకరు. అప్పుడు కన్సార్టియం నియమాలు సభ్యులందరినీ కట్టివేస్తాయని కోర్టు చెప్పింది. అంటే అందరినీ ఒక దారిలో నడిపించే బలం మీకుందని తేలిపోయింది. ఆ బలాన్ని ఇంగ్లీషు రాని పిల్లల కోసం వాడమనే ఈ లేఖ అడుగుతోంది.

ఇంగ్లీషు అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ఇంగ్లీషు విభాగాన్ని ఇంగ్లీషులోనే ఉంచండి, దానికి కనీస మార్కు పెట్టండి. మిగతా విభాగాల పాఠ్యభాగాలు మాత్రం విద్యార్థి ఎంచుకున్న భాషలో పక్కపక్కన రావాలి. చేరినవాళ్లకు తొలి ఏడాదంతా ఇంగ్లీషులో గట్టి తర్ఫీదు ఇవ్వండి. సీటు రావడంతో పని అయిపోదని, హాస్టల్ ఫీజు, లాప్‌టాప్, చేయి పట్టుకునే సీనియర్, ఇవన్నీ కావాలని ఐడియా అనుభవం చెబుతోంది. ఆ ఖర్చు మోయడానికి దరఖాస్తు ఫీజుల ఆదాయంలో ఎంత వెచ్చించగలరో మీ వార్షిక లెక్కల్లో చూపించండి.

ఒక్కసారిగా 13 భాషలు కుదరవంటే ఒకటి రెండు భాషలతో మొదలుపెట్టండి. నల్సార్ షామీర్‌పేటలో ఉంది. మరో సభ్య విశ్వవిద్యాలయం విశాఖ దగ్గర సబ్బవరంలో ఉంది, దానికి పెట్టిన పేరు దామోదరం సంజీవయ్యది. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయినవాడు ఆయన. ఈ రెండు విశ్వవిద్యాలయాల అధ్యాపకులకూ, లాసెట్ ప్రశ్నలు తయారుచేసిన అనుభవం ఉన్నవాళ్లకూ కలిపి, వచ్చే పరీక్షకు ముందు ఒక నమూనా ప్రశ్నపత్రం తెలుగులో తయారుచేసే పని అప్పగించండి. పాడేరు, అచ్చంపేట లాంటి చోట్ల గురుకులాల్లో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల చేత రాయించండి. అదే ప్రశ్నపత్రాన్ని ఇంగ్లీషులో రాసినప్పుడు వాళ్లకొచ్చిన మార్కులను దాని పక్కనే చేర్చి, రెండింటినీ ప్రచురించండి. ఢిల్లీ హైకోర్టుకు మీరు చెప్పిన నిపుణుల సంఘం నివేదికను కూడా దాంతోపాటే బయటపెట్టండి.

భవదీయ,
ఒక తెలుగు పాఠకుడు